తాగని బీరుకు తీర్పు

నేను ఇంతవరకూ బీరు తాగలేదు. మా ఇంట్లో ఎవరూ తాగలేదు. మాది సముద్రం వైపు ఊరు, మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. మా సంఘంలో ప్రభు భోజన సంస్కారం రోజున కూడా చిట్టి గ్లాసుల్లో ద్రాక్షరసమే ఇస్తారు. అలాంటి నేను కెనడా వచ్చి, ఒక చిలీ దేశపు నల్లబీరు బాగుందో లేదో తేల్చడానికి జడ్జీనై కూర్చున్నాను. ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. నవ్వితే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రోజు ఆ గ్లాసు ముందు వణికినట్టు నేను ఏ పరీక్ష ముందూ వణకలేదు.

అప్పుడు మేం ఒంటారియోలోని లండన్‌లో ఉండేవాళ్ళం. మన పిల్లలు విమానాలకు విమానాలు నింపుకుని దిగిన సంవత్సరాలవి. కాలేజీ బస్సెక్కితే డ్రైవరు తప్ప అందరూ మనవాళ్ళే అనిపించేది. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందని తెలిస్తే చాలు, రెజ్యూమెలు పట్టుకున్న క్యూ పార్కింగ్ దాకా సాగేది. నాది స్టడీ పర్మిట్, మా ఆయనది వర్క్ పర్మిట్. హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఇక్కడ గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసేవాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ బాధగా చెప్పలేదు. ఒళ్ళు తగ్గిందని మాత్రం గొప్పగా చెప్పుకునేవాడు.

నేను చేసిన కోర్సు ఆహార పదార్థాల నాణ్యత గురించి. ఇంటిదగ్గర అంతవరకే చెప్పాను. చలికాలం సెమిస్టర్‌లో రుచి చూసి తీర్పు చెప్పడమనే సబ్జెక్టు ఒకటి ఉందనీ, జున్నుతో మొదలై చాక్లెట్, కాఫీల మీదుగా అది బీరు దగ్గర తేలుతుందనీ చెప్పలేదు. మొదటి క్లాసులోనే చెయ్యెత్తి, నేను తాగనని చెప్పాను. మాస్టారు మంచివాడు. తెల్ల గడ్డం, మెడలో ఎప్పుడూ ఒక విజిల్. మేం గోల చేస్తే ఊదడానికట.

"మతపరమైన కారణమా?" అని అడిగాడు.

అవునన్నాను. అప్పటికి అదే నిజం.

"అయితే ముక్కుతో పని చెయ్యి. తాగేవాళ్ళు నాలుకకు మార్కులు వేస్తారు, నువ్వు వాసనకు వెయ్యి. సగానికి పైగా పని ముక్కే చేస్తుంది, నోటికి ఊరికే పేరొస్తుంది" అన్నాడు.

అలా నేను ముక్కు జడ్జీనయ్యాను.

మా క్లాసులో అందరిలోకీ పెద్దావిడ ఒకామె ఉండేది. అరవైకి దగ్గరగా ఉంటుంది. చిన్నప్పుడే అమ్మానాన్నలతో చిలీ నుంచి వచ్చేసిందట. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీ మూసేస్తే, ఏడుస్తూ కూర్చోకుండా వచ్చి మా పక్కన బెంచీ మీద కూర్చుంది. ఎర్ర లిప్‌స్టిక్ లేకుండా నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆఖరి ప్రాజెక్టుకి తలా ఒక పదార్థం తయారు చెయ్యాలి, దానికి మిగతావాళ్ళు తీర్పు చెప్పాలి. కుర్రాళ్ళందరూ సాస్‌లూ బిస్కెట్లూ ఎంచుకుంటే ఆవిడ మాత్రం స్టౌట్ చేస్తానంది. స్టౌట్ అంటే బార్లీని నల్లగా మాడేదాకా వేయించి కాచే బీరు. అది తన నాయనమ్మ ఊరి పద్ధతిలో చేస్తానంది.

ఆ ఊరు చిలీ దేశపు దక్షిణాన, ఎప్పుడూ వాన పడే చోట ఉందట. అక్కడ ఆ నల్లబీరు తాగుబోతుల కోసం కాదని ఆవిడ మాతో పోట్లాడినంత పని చేసేది. వేయించిన గోధుమపిండి చెంచాడు కలిపి, నీరసంగా ఉన్నవాళ్ళకీ బాలింతలకీ ఇచ్చేవాళ్ళట. పాలు పడతాయని నమ్మకం. ఇప్పటి డాక్టర్లు వింటే కొడతారని ఆవిడే నవ్వేది. ఒకరోజు బీరులో వెయ్యడానికని సంచీలోంచి ఒక ముదురు రంగు అచ్చు తీసి చూపించింది. దాని పేరేదో చెప్పింది గానీ, నేను చూడగానే అది బెల్లం అన్నాను. కాదని వాదించింది. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, మళ్ళీ బెల్లమే అన్నాను. ఆ రోజు నుంచి మేం స్నేహితులం.

ఆ స్టౌట్ కాచే రోజుల్లోనే నాకు నెల తప్పింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది మొదటిసారి కాదు. వచ్చిన మొదటి చలికాలంలో కూడా నెల తప్పింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని మా వైపు పట్టింపు. దిష్టి అంటారు కొందరు, ప్రభువు చిత్తం తెలిసేదాకా ఆగాలంటారు మావాళ్ళు. ఎవరేమన్నా చివరికి నోరు మూసుకోవడమే. అమ్మకి కూడా చెప్పలేదు, మూడో నెల నిండాక ఒకేసారి చెప్పి ఏడిపిద్దామనుకున్నాను. అప్పుడు విపరీతంగా వాంతులయ్యేవి. ఒక ఉదయం ఉన్నట్టుండి ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. ఎన్నాళ్ళకో ఆకలేస్తే ముద్దపప్పూ ఆవకాయా కలుపుకుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఆ వారంలోనే అంతా అయిపోయింది.

నువ్వు తిన్నదాని వల్లా చేసినదాని వల్లా ఇది జరగలేదని డాక్టరమ్మ మెల్లిగా, మళ్ళీ మళ్ళీ చెప్పింది. నమ్మాను. కానీ వాంతులు ఆగిన ఆ ఉదయం నాకు కలిగిన హాయిని మాత్రం నేను క్షమించలేకపోయాను. ఇంకో బాధ ఏమిటంటే, ఉందని ఎవరికీ చెప్పలేదు కాబట్టి పోయిందని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మా ఆయనా నేనూ కూడా ఒకరితో ఒకరం ఆ మాట ఎత్తలేదు. ఆయన వంట చేసేవాడు, నేను తినేదాన్ని, ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. కెనడాలో ఆ విషయానికి కొదవ లేదు కదా.

అందుకని రెండోసారి వాంతులు మొదలవగానే ప్రతి వాంతికీ లోపల్లోపల స్తోత్రం చెప్పుకున్నాను. దాంతోపాటు ముక్కు కూడా మారిపోయింది. బస్సులో నాలుగు సీట్ల అవతల ఎవరు నారింజపండు తిన్నారో తెలిసిపోయేది. క్లాసులో చెడిపోయిన బీరు ఎలా ఉంటుందో నేర్పడానికి మాస్టారు గ్లాసుల్లో ఒక్కో చుక్క రసాయనం కలిపేవాడు. ఒకదానికి తడిసిన అట్టపెట్టె వాసన, ఒకదానికి వెన్న వాసన, ఇంకోదానికి ఉడికించిన మొక్కజొన్న వాసన. మిగతావాళ్ళు గ్లాసు తిప్పి, అరచేత్తో మూసి, తెరిచి, చిన్నచిన్నగా పీల్చి ఆలోచిస్తుంటే, నేను గ్లాసు దగ్గరికి రాకముందే చెప్పేసేదాన్ని.

"పుట్టుకతో వచ్చిన విద్య ఇది" అని మాస్టారు నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు.

విద్యా లేదు, ఏమీ లేదు. ఆ చప్పట్లు ఎవరికి చెందాలో నాకు తెలుసు కాబట్టి తల వంచుకుని నవ్వుకున్నాను. ఆ ముక్కు నాకు వార్త తెచ్చే మనిషయింది. ప్రతి ఉదయం లేవగానే ఏదో ఒక వాసన చూసేదాన్ని. వాసన తగిలి కడుపులో తిప్పితే చాలు, ఇవాళ్టికి అంతా బాగున్నట్టే.

ఆ వాసనలు ఎక్కువగా పైనుంచే వచ్చేవి. మేం బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, పైన ఇంటి ఓనరు ఆంటీ ఉండేవారు. ఆవిడది కాకినాడ వైపు. హాస్పిటల్లో పనిచేసి రిటైరయ్యారు, అంకుల్ పోయారు. కొడుకు టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఉంటాడు, మనవలు ఫోన్లో ఇంగ్లిష్‌లో జవాబు చెబుతుంటే ఆవిడ తెలుగులోనే ముద్దులాడేవారు. రోజూ పొద్దున్నే పోపు పెట్టేవారు. ఇల్లు వెచ్చబెట్టే గొట్టాల్లోంచి ఆ ఆవాల ఘాటు మా గదిలోకి దిగేది. నేను బాత్రూంలోకి పరిగెత్తేదాన్ని. ఆ గొట్టాల్లోంచే నా డోకుల చప్పుడు పైకి వెళ్తోందని నాకు తట్టలేదు.

దానికి తోడు ఒకరోజు చిలీ ఆవిడ గొట్టం విప్పుతుంటే కాస్త స్టౌట్ చిమ్మి నా కోటంతా తడిసింది. ఇంటికొచ్చేసరికి ఆంటీ గుమ్మంలో మంచు తీస్తున్నారు. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయారు. మర్నాటి నుంచి మా మెట్ల మీద పొద్దున్నే ఒక గ్లాసు మజ్జిగ, నిమ్మకాయ పిండి, మూత పెట్టి ఉండేది. ఆంటీ కనిపెట్టేశారనుకున్నాను. హాస్పిటల్లో పనిచేసిన మనిషి, ఎంతమందిని చూసి ఉంటారు! పెద్దరికంతో నోరెత్తకుండా మజ్జిగ పెడుతున్నారని మనసు కరిగిపోయింది.

ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడి నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఏదన్నా ఉంటే నాతో చెప్పొచ్చమ్మా. నేనేమీ అనుకోను. ప్రభువు అన్నీ క్షమిస్తాడు" అన్నారు.

"థాంక్స్ ఆంటీ" అన్నాను.

పెళ్ళయినదానికి కడుపొస్తే ప్రభువు క్షమించడమెందుకో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేవిళ్ళు ముక్కును పెంచినట్టు బుద్ధిని పెంచవు కాబోలు.

స్టౌట్‌కి తీర్పు చెప్పే రోజు శుక్రవారం వచ్చింది. మార్చి నెల, బయట ఇంకా మంచే. మా ఆయన తెల్లవారగానే షిఫ్టుకి వెళ్ళిపోయాడు. నేను లేచి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని వాసన కోసం ఆగాను. ఏమీ రాలేదు. పోపు లేదు, ఉల్లిపాయ లేదు, కాఫీ కూడా లేదు. కడుపులో తిప్పలేదు. లేచి పళ్ళు తోముకున్నాను, ఎప్పుడూ డోకు తెప్పించే టూత్‌పేస్టు కూడా ఊరుకుంది. ఒంట్లో హాయిగా ఉంది. ఆ హాయి నాకు గుర్తుంది. మళ్ళీ మంచం మీద కూలబడ్డాను.

మా ఆయనకి ఫోన్ చేద్దామనుకుని మానేశాను. బరువులెత్తే చోట ఆ మాట చెప్పి ఏం లాభం? స్కాన్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని కోటు వేసుకుని బయలుదేరాను. బస్సులో అందరి దగ్గరా వాసన చూశాను. పక్కవాళ్ళు జరిగి కూర్చునేంతగా చూశాను. ఆ చలికి ఊపిరే గడ్డకట్టుకుపోతోంది, వాసనేం వస్తుంది? అది నాకప్పుడు తెలిస్తే కదా.

ల్యాబ్‌లో గ్లాసులు బారుగా పెట్టి ఉన్నాయి. మా బల్లకు ముగ్గురం. నేను ముక్కు, ఒక గుజరాతీ కుర్రాడు నాలుక, ఒక కెనడా అమ్మాయి రంగూ నురగా చూస్తుంది. చేసినవాళ్ళు తీర్పులో కూర్చోకూడదు కాబట్టి చిలీ ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. లిప్‌స్టిక్‌తో పాటు ఆ రోజు ముత్యాల లోలకులు కూడా పెట్టుకొచ్చింది. మార్కులు బాగా వస్తే ఆ స్టౌట్‌ని కాలేజీ వసంతోత్సవంలో అందరికీ పోస్తారు. ఆవిడ అక్కచెల్లెళ్ళందరినీ అప్పుడే పిలిచేసింది.

మాస్టారు సీసా మూత తీసి మా మూడు గ్లాసుల్లోనూ పోశాడు. లైటు వైపు ఎత్తి పట్టుకుంటే అంచున దానిమ్మ గింజ రంగు మెరిసింది. పైన లేత గోధుమరంగు నురగ దట్టంగా నిలిచింది.

"ముందు ముక్కు" అన్నాడు మాస్టారు.

గ్లాసు తిప్పి, అరచేత్తో మూసి, తెరిచి, పీల్చాను. మంచినీళ్ళ గ్లాసులో ముక్కు పెట్టినట్టుంది. మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు. అంత నల్లటి ద్రవం, మాడిన గింజలతో కాచినది, నాకు ఒక్క మాట చెప్పడం లేదు. పక్కన కుర్రాడు ఒక గుక్క వేసి, నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగాడు. "వావ్, కాఫీ" అన్నాడు. గబగబా ఏదో రాసుకున్నాడు.

అతనికి ఉంది. నాకు లేదు. ఇంకేం సందేహం మిగల్లేదు నాకు. పోయిన చలికాలం ఎలా పోయిందో ఇప్పుడూ అలాగే, చప్పుడు లేకుండా, నేను హాయిగా పళ్ళు తోముకుంటుండగా పోయింది. గ్లాసు కింద పెట్టేశాను. 

గోడ దగ్గరి నుంచి ఆవిడ నా ముఖమే చూస్తోంది. తన స్టౌట్ నాకు నచ్చలేదనుకుని ఉంటుంది. కాసేపు ఓర్చుకుని, ఇక లాభం లేదనుకుందేమో, రూల్సు పక్కన పెట్టి నడిచి వచ్చేసింది. నా గ్లాసు వేళ్ళతో తాకి గట్టిగా అరిచింది.

"ఎవరు దీన్ని ఐస్ చేశారు? మాస్టారూ, ఈ సీసాలు ఎక్కడ పెట్టారు?"

సరుకు దించే లోడింగ్ డోర్ పక్కన పెట్టారట, రాత్రంతా. మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. స్టౌట్ అంత చల్లగా ఇవ్వకూడదని మాకు పాఠం చెప్పింది ఆయనే. నాలుక మీద పడితే నోటి వెచ్చదనానికి కాస్త తెలుస్తుంది గానీ, ముక్కుకి ఏమీ అందదు. ఆవిడ నా రెండు చేతులూ తీసుకుని గ్లాసు చుట్టూ పెట్టి, పైనుంచి తన చేతులు మూసింది.

"ఇలా పట్టుకో. తొందరపడకు. అది లేచేదాకా ఆగు" అంది.

వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వదల్లేదు. ఇది చల్లదనం వల్లే అయ్యుండాలి, నా వల్ల కాకూడదు అని కళ్ళు మూసుకున్నాను. బీరు గ్లాసు రెండు చేతులా పట్టుకుని ప్రార్థన చేశాను. మా సంఘం పుట్టాక అలాంటి ప్రార్థన చేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మాటలు కూడా రాలేదు. ఉండు, ఉండు, ఉండు అనుకుంటూ కూర్చున్నాను. ఎవరితో అన్నానో, దేవుడితోనో లోపలి ప్రాణంతోనో, ఇప్పటికీ చెప్పలేను.

ముందు బెల్లం వచ్చింది. పాకం పట్టేటప్పుడు మొదట లేచే తీపి వాసన, సన్నగా. నా ఊహేమోనని నమ్మలేదు. తరవాత వేయించిన గోధుమపిండి వచ్చింది. ఆ వెనకే కాఫీ, ఆ వెనకే అడుగంటిన పాలు, తడి చెక్క. ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చేశాయి. అంతలో కడుపులోంచి ఒక్కసారిగా తిప్పుకొచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టానో, ఎవరి చేతిలోనైనా పెట్టానో తెలీదు, నోరు మూసుకుని వాష్‌రూంకి పరిగెత్తాను.

నా జన్మలో అంత ఆనందంగా వాంతి చేసుకోలేదు. ఒకపక్క కక్కుతున్నాను, ఒకపక్క నవ్వొస్తోంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. వెనకే తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. నా జుట్టు వెనక్కి పట్టుకుంది. అద్దంలో చూస్తే ఆవిడ ముఖం మాడిపోయి ఉంది.

"అంత చెడ్డగా ఉందా?" అంది.

"కాదు, చాలా బాగుంది" అన్నాను, మళ్ళీ డోకుతూ.

ఆవిడ నమ్మే స్థితిలో లేదు. పాపం, ఎవరు నమ్ముతారు? ఇక దాచలేకపోయాను. నాకు మూడో నెల అని చెప్పేశాను. అమ్మకి చెప్పని మాట, ఎవరికీ చెప్పకూడదన్న మాట, ఒక కాలేజీ బాత్రూంలో ఇంగ్లిష్‌లో చెప్పాను. పొద్దుటి నుంచి ఏ వాసనా రాలేదనీ, పోయిందనుకున్నాననీ చెప్పాను. ఆగలేక, ముందొకటి నిలవలేదని కూడా చెప్పాను. ఆ మాట అప్పటిదాకా నేను ఏ భాషలోనూ నోటితో అనలేదు. అన్నాక దుఃఖం పొంగుకొచ్చింది. కుళాయి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

 ఆవిడ తన మెడలో స్కార్ఫు తడిపి నా ముఖం తుడిచింది. తుడుస్తూ, లెక్క సరిచూసుకుంటున్నట్టు, "అయితే ఇది నీ రెండో బిడ్డ" అంది.

నేను తల ఊపాను.

తిరిగి వచ్చి నా తీర్పు రాశాను. వాసనకి ఇవ్వగలిగినన్ని మార్కులిచ్చాను. జాలిపడి ఇవ్వలేదు, కృతజ్ఞతతో కూడా ఇవ్వలేదు. ఏ వాసన తరవాత ఏది వచ్చిందో వరసగా రాశాను. తడి చెక్క వాసన కాస్త ఎక్కువైందని కూడా రాశాను. ఆవిడ ఆ ముక్క చదివి, తరవాత వారమంతా నాతో దాని గురించి వాదించింది. ఏప్రిల్‌లో ఆ స్టౌట్ వసంతోత్సవంలో పోశారు. ఆవిడ అక్కచెల్లెళ్ళు నలుగురూ వచ్చి, నాలుగు రకాల అభిప్రాయాలు చెప్పి, పీపా ఖాళీ చేసి వెళ్ళారట.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. ఆంటీ వంటగదిలో బైబిలు ముందు పెట్టుకుని నీరసంగా కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఇవాళ వంట చెయ్యలేదా ఆంటీ?" అన్నాను.

"ఈస్టర్ దాకా లెంట్ కదమ్మా. శుక్రవారాలు ఫాస్టింగ్."

"ప్రతి శుక్రవారం పొద్దున్న కాఫీ తాగుతారుగా?"

"ఇవాళ అది కూడా లేదు. ఒకళ్ళ కోసం స్పెషల్‌గా పెట్టుకున్నాను."

"ఎవరి కోసం?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ కోసమేనమ్మా. ఈ పాడు తాగుడు నీకెక్కడ అంటిందో! పొద్దున్నే ఆ డోకులు వింటుంటే నా కడుపు తరుక్కుపోతోంది. మజ్జిగ ఇస్తే దిగుతుందేమో అని చూశాను. ఆ పిల్లాడు బంగారం, వాడికి తెలుసో తెలీదో. సంఘంలో కూడా పేరు చెప్పకుండా ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టాను."

ఒక్క నిమిషం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపమొచ్చింది. ఈవిడ నా కోసం ఆ కాఫీ కూడా మానేయబట్టే కదా పొద్దున్న నాకు ప్రాణం పోయినంత పనైంది! మరుక్షణం, ఖాళీ కడుపుతో నా కోసం కూర్చున్న ఆ ముఖం చూసేసరికి కోపం ఎటు పోయిందో తెలీదు. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను.

"అది తాగుడు కాదు ఆంటీ" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నా ముఖం చూశారు, నా చెయ్యి ఎక్కడుందో చూశారు. అన్నాళ్ళ హాస్పిటల్ ఉద్యోగం అప్పటికి తిరిగొచ్చింది కాబోలు.

"ఓసి నా తల్లీ! నీళ్ళోసుకున్నావటే?" అని నా తల ఒళ్ళోకి లాక్కున్నారు. వెంటనే పైకి చూసి, "ప్రభువా, పొద్దున్నించీ నేనడిగిందంతా పక్కన పెట్టెయ్" అన్నారు. కాసేపటికి, "మరి ఆ కోటు మీద వాసనేంటే?" అన్నారు. క్లాసు సంగతి చెప్పాను. బీరుకి మార్కులు వేసే చదువు కూడా ఉందంటే ఆవిడ చాలాసేపు నమ్మలేదు.

సాయంత్రం ఆంటీ ఉపవాసం విడిచి చారు పెట్టారు. ఆ పోపు ఘాటుకి నేను మళ్ళీ బాత్రూంలోకి పరిగెత్తాను. పైనుంచి "దేవునికి స్తోత్రం" అని వినిపించింది.

మరుసటి వారం స్కాన్. ముక్కు చెప్పింది వేరు, డాక్టర్లు చెప్పేది వేరని నాకు తెలుసు, అందుకని భయం ఎక్కడికీ పోలేదు. మా ఆయన సెలవు పెట్టుకుని వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇంటర్వ్యూకి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. స్కాన్ చేసే అమ్మాయి మంచి మర్యాదస్తురాలు, కానీ తెర తన వైపు తిప్పుకుని ఒక్క మాటా చెప్పదు. పొట్ట మీద చల్లటి జిగురు రాసి, పరికరం అటూ ఇటూ జరుపుతూ చూస్తోంది. మా ఆయన నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకీ తెలీదు.

కాసేపటికి ఆ అమ్మాయి తెర మా వైపు తిప్పింది. బూడిదరంగు మసకలో ఒక చుక్క టకటకా కొట్టుకుంటోంది. 

"ఫస్ట్ బేబీనా?" అని అడిగింది ఆ అమ్మాయి, మా ముఖాలు చూసి నవ్వుతూ.

ఆయన అవునని తల ఊపబోయాడు.

"కాదు, రెండో బిడ్డ" అన్నాను నేను.

ఆయన నా వైపు చూశాడు. చెప్పులు కింద పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చుని, నా చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "అవును, రెండో బిడ్డ" అని ఆ అమ్మాయికి చెప్పాడు.